మూడు పేర్ల ఫైలు

నవంబర్ 11, సోమవారం

ఇక మీదట సర్వర్‌లోకి నేరుగా లాగిన్ కాకూడదట. ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్ చేతన్ సార్ ఆర్డర్. కొత్త స్టోరేజ్ బాక్స్ వచ్చింది, చరణ్ వచ్చి బిగించి పోయాడు. ఇప్పుడు నా కంప్యూటర్‌లో జెడ్ డ్రైవ్ అని ఒకటి కనిపిస్తోంది. ఆసుపత్రి ఫైళ్లన్నీ అందులోనే తెరవాలి, అందులోనే సేవ్ చేయాలి.

చరణ్ అంగళ్లు ఇంజనీరింగ్ కాలేజీలో చదివి అక్కడే చిన్న ఆఫీసు పెట్టుకున్నాడు. మా కంప్యూటర్ కాంట్రాక్టు అతనిదే. ఫైళ్లు తెరిచి దిద్దే నా పాత ఎడిటర్ ఏదబ్బా అంటే, నల్ల స్క్రీన్‌లో కొట్టే కాలం పోయిందక్కా అని నవ్వి కొత్తది వేసి ఇచ్చాడు. బాగానే ఉంది. అక్షరాలు పెద్దగా ఉన్నాయి. నాకే ఇంకా చెయ్యి తిరగలేదు.

డోస్ చార్ట్ సంగతేమిటని మాత్రం గట్టిగా అడిగాను. మాకు మదనపల్లెలో మెయిన్ ఆసుపత్రి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి క్లినిక్‌లు. పిల్లల బరువును బట్టి ఏ మందు ఎంత పోయాలో చెప్పే చార్ట్ మూడు ఊళ్లకూ ఒకటే. ఊరికో ఫోల్డర్ ఉంది, ప్రతి ఫోల్డర్‌లోనూ ఆ చార్ట్ ఉంది. అవి మూడు కాపీలు కావు. డిస్క్ మీద ఉన్నది ఒకే ఫైలు, దానికి మూడు పేర్లు. హార్డ్ లింక్ అంటారు. నన్ను ఇంట్లో మున్నీ అంటారు, ఇక్కడ సాజిదా మేడమ్ అంటారు. ఎలా పిలిచినా పలికేది నేనే కదా. అలాగే ఏ పేరుతో తెరిచి మార్చినా మూడు ఊళ్ల వార్డు స్క్రీన్లలోనూ మారిపోతుంది. నేను ఇక్కడ రికార్డుల పనిలో చేరినప్పటి నుంచీ అదే పద్ధతి.

అది అట్లే ఉండాదిలే అక్కా, నేను ముట్టుకోలా అన్నాడు. చూశాను. మూడు పేర్లూ ఉన్నాయి.


నవంబర్ 20, బుధవారం

ఆయాసానికి పోసే సిరప్ కంపెనీ మారింది. కొత్తది డబుల్ స్ట్రెంత్. అంటే పోయాల్సింది సగమే. మా పెద్ద డాక్టర్ జయరత్నం గారు సంతకం పెట్టిన స్లిప్‌ను ఫార్మసీ జాకబ్ అన్న తెచ్చి ఇచ్చాడు.

మదనపల్లె ఫోల్డర్‌లో చార్ట్ తెరిచి మార్చాను. ఎనిమిది కిలోల పిల్లకు రెండున్నర ఎం.ఎల్. ఉండేది, ఒకటింపావు చేశాను. మిగతా బరువులకూ సగం సగం. సేవ్ కొట్టి, కిందికి పోయి వార్డు స్క్రీన్ చూశాను. మారింది. జాకబ్ అన్న కూడా చూసి తల ఊపాడు.

చలి ముదిరింది. వార్డు నిండా దగ్గులే.


నవంబర్ 25, సోమవారం

కుప్పం క్లినిక్‌లో ఒక పాపకు సీరియస్ అయిందట. డ్యూటీలో ఉన్నది నర్సు లిల్లీ.


నవంబర్ 26, మంగళవారం, మధ్యాహ్నం

పాపకు ఎనిమిది నెలలు, ఎనిమిది కిలోలు. ఆయాసంతో తెచ్చారు. లిల్లీ సిస్టర్ సిరప్ పోసింది. కొన్ని గంటలాగి మళ్లీ పోసింది. పాప చేతులు వణకడం మొదలుపెట్టాయి, గుండె ఆగకుండా పరిగెత్తిందట. పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయారు. ప్రాణానికి భయం లేదని ఇప్పుడే ఫోన్ వచ్చింది. అది విన్నాక గానీ నాకు నోట్లో తడి రాలేదు.

పొద్దున చేతన్ సార్ గదిలో మీటింగ్. లిల్లీ స్పీకర్ ఫోన్‌లో ఉంది. చార్ట్‌లో ఉన్నంతే పోశానని చెప్పింది. ఎంత ఉందని అడిగితే రెండున్నర అంది. చేతన్ సార్ తన కంప్యూటర్‌లో చార్ట్ తెరిచి మా అందరివైపూ తిప్పాడు. ఒకటింపావు. ఆయన ఫోన్ దగ్గరికి వంగి, అబద్ధం చెప్తే కేసు ఇంకా పెద్దదవుతుందమ్మా అన్నాడు.

లిల్లీ ఏడవలేదు. "నా కండ్లతో సూసినా సార్. స్క్రీన్ మీద రెండున్నర ఉండాది. మీరు యాడ సూస్తాండారో నాకు తెలీదు" అంది.

సీసా మీద స్ట్రెంత్ చదువుకోవాలి కదా అని ఎవరో అన్నారు. సీసా మీద ఏముంటుంది? పెద్ద డబ్బాల్లోంచి చిన్న సీసాల్లోకి ఒంపి, మందు పేరు స్టిక్కర్ ఒక్కటి అంటించి పంపేది మేమే. జాకబ్ అన్న నేల చూపులు చూశాడు.

తర్వాత చేతన్ సార్ నావైపు తెల్ల కాగితం జరిపాడు. నవంబర్ 20న చార్ట్‌ను మూడు చోట్లా మార్చానని రాసి సంతకం పెట్టమన్నాడు. పెన్ను తీసుకున్నాను కూడా. మార్చిన మాట నిజమే కదా. కానీ లిల్లీ గొంతు చెవిలోనే ఉంది. లిల్లీ ఎవరు? స్క్రీన్ మీద ఒక గీత పక్కకు జరిగినా నాకు ఫోన్ చేసే మనిషి. అక్కా, ఇది ముందు ఇట్ల లేదే అని విసిగించే మనిషి. ఆమెకు అంకె కనబడకపోవడమా?

కుప్పం చార్ట్ చూసి సంతకం పెడతానన్నాను. ఒకే ఫైలు అని నువ్వే కదా చెప్పేది, ఇంక చూసేదేముంది అన్నాడు.

చెప్పింది నేనే కాబట్టి చూడాలి సార్ అన్నాను.


అదే రోజు, సాయంత్రం

కుప్పం ఫోల్డర్ తెరిచాను. రెండున్నర.

మూసి మళ్లీ తెరిచాను. రెండున్నర.

మదనపల్లె ఫోల్డర్‌లో ఒకటింపావు. పుంగనూరు ఫోల్డర్‌లో రెండున్నర.

లిల్లీ అబద్ధం చెప్పలేదు. చేతన్ సార్ చూపించింది కూడా అబద్ధం కాదు. ఇద్దరూ ఒకే ఫైలు చూస్తున్నామనుకున్నారు. అందరం అనుకున్నాం. ఆ రోజు సేవ్ కొట్టాక నేను ఈ రెండు ఫోల్డర్లూ తెరిచి చూడలేదు.

పుంగనూరు! అక్కడి సిస్టర్ కీర్తికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. కొత్త సిరప్ వాడారా అని అరిచినట్టున్నాను, ఆ పిల్ల బెదిరిపోయింది. "నిన్ననే వచ్చినాయి మేడమ్. సీలు గూడా తియ్యలా. యాల, ఏమైంది?" అంది. స్క్రీన్ ఆపేయమన్నాను. నేను చెప్పే అంకెలు మార్కర్‌తో కాగితం మీద రాసి గోడకు అంటించి, తిరిగి నాకు చదివి వినిపించమన్నాను. ప్రతి లైనూ చదివింది. కుప్పం వాళ్లతోనూ అదే చేయించాను.

ఆ తర్వాతే చేతన్ సార్ దగ్గరికి పోయాను. విన్నాడు. టేబుల్ మీది గ్లాసు అటు జరిపాడు, ఇటు జరిపాడు. వెంటనే మదనపల్లె చార్ట్‌ను ఆ రెండు ఫోల్డర్లలోకీ కాపీ చేసెయ్ అన్నాడు. స్క్రీన్లు ఆపించాను సార్, ఇప్పుడు ఏ పిల్లకూ ప్రమాదం లేదు, ఎంక్వైరీ వాళ్లు చూసేదాకా ఆ ఫైళ్లు అట్లే ఉండనీ అన్నాను. నువ్వేమన్నా పోలీసా అన్నాడు. చెప్పింది చెయ్ అన్నాడు.

చేయను అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఆయన ఎన్నడూ వినలేదు. నేనూ వినలేదు. వెనక్కి తీసుకోను ఆ మాట.


నవంబర్ 27, బుధవారం

లిల్లీని సస్పెండ్ చేశారు. అంతటితో వదల్లేదు. పాప వాళ్లింటికి తీసుకుపోయి, గుమ్మంలో నిలబెట్టి, తప్పు నాదే అని దండం పెట్టించారు. వీధి వీధంతా చూసిందట.

నేను నిన్న చెప్పింది విన్న తర్వాతే ఇది చేయించారు.


నవంబర్ 28, గురువారం

చరణ్ వచ్చాడు. ముందు కొట్టిపారేశాడు. "ఒకే ఫైలక్కా. మూడు తావుల మూడు రకాలుగా యాడుంటుంది? నర్సమ్మ తప్పు సూసింటుంది" అన్నాడు. నేను వాదించలేదు. మూడు ఫోల్డర్లూ పక్కపక్కన తెరిచి చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. టీ వచ్చింది, చల్లారింది, తాగలేదు.

ఉత్త ఫైలు ఒకటి చేశాడు. దానికి రెండు పేర్లు పెట్టాడు. ముందు నేరుగా సర్వర్‌లోకి పోయి, పాత ఎడిటర్‌తో ఒక పేరు మీద మార్చి సేవ్ చేశాడు. రెండో పేరులోనూ మారింది. తర్వాత నా కంప్యూటర్ నుంచి, జెడ్ డ్రైవ్ మీద, కొత్త ఎడిటర్‌తో మార్చి సేవ్ చేశాడు. రెండో పేరు మారలేదు. మళ్లీ చేశాడు. మారలేదు.

"ఇడిపోతాండాదక్కా" అన్నాడు మెల్లగా.

నాకు అర్థమైంది రాసుకుంటాను, ఎవరైనా అడిగితే తడబడకుండా చెప్పాలి. పాత ఎడిటర్ సేవ్ చేసే ముందు ఈ ఫైలుకు ఎన్ని పేర్లున్నాయని చూసుకునేది. ఒకటి కంటే ఎక్కువుంటే ఆ ఫైలు లోపలే చెరిపి రాసేది. అందుకే మూడు పేర్లూ కలిసి ఉండేవి. కొత్తది అలా కాదు. రాస్తుండగా కరెంటు పోయినా పాత ఫైలు పాడవకూడదని పక్కన వేరే ఫైలు రాస్తుంది. రాయడం అయిపోయాక పాతదాని పేరు తీసి కొత్తదానికి పెడుతుంది. ఉద్దేశం మంచిదే. పాతదానికి ఆ ఒక్క పేరే ఉంటే అది మాయమవుతుంది, ఎవరికీ నష్టం లేదు. మా చార్ట్‌కు ఇంకో రెండు పేర్లున్నాయి. కాబట్టి పాతది చావలేదు. పుంగనూరు పేరుతో, కుప్పం పేరుతో, పాత అంకెలతో బతికే ఉంది. నెట్‌వర్క్ డ్రైవ్ అవతల నిలబడి చూసే ఈ ఎడిటర్‌కు మిగతా పేర్ల సంగతే తెలియదు. ఒక్క హెచ్చరిక లేదు. సేవ్ అయింది అని మాత్రం చక్కగా చెప్తుంది.

ఇదంతా ఎంక్వైరీలో చెప్పమని చరణ్‌ను అడిగాను. బ్యాగు సర్దుకున్నాడు. "నా పేరు తేవద్దక్కా. ఇంకా రెండు ఆసుపత్రులు నన్ను నమ్ముకోని ఉండాయి. డ్రైవ్ బిగించింది నేను. రేప్పొద్దున నన్ను పట్టుకుంటారు" అన్నాడు.

బిగించింది నువ్వు, సేవ్ కొట్టింది నేను, దండం పెట్టింది లిల్లీ. సరిపోయిందా నీకు అన్నాను. తలెత్తకుండా పోయాడు.


నవంబర్ 29, శుక్రవారం

కుప్పం ఫైలు మారిపోయింది. పుంగనూరు ఫైలు కూడా. ఇప్పుడు మూడు చోట్లా ఒకటింపావు.

నేను మార్చలేదు.


నవంబర్ 30, శనివారం

నిన్నంతా ఏడుపు వచ్చింది, ఈ రోజు కోపం వచ్చింది. కోపమే నయం. అంకెలు మార్చగలరు. ఆ ఎడిటర్ గుణం మార్చలేరు కదా. ఎన్నిసార్లు చేసినా అది అదే పని చేస్తుంది. ఎవరి ముందైనా చేసి చూపిస్తాను.

అబ్బాకు చెప్పాను. అబ్బా అంటే మా నాన్న అబ్దుల్ జబ్బార్, మా వీధిలో రేకు పెట్టెలు చేస్తాడు. సుత్తి పక్కన పెట్టి విన్నాడు. హార్డ్ లింక్ అంటే ఆయనకేం తెలుసు? అయినా ఆపకుండా విన్నాడు. ఉద్యోగం పోతుందా అని అడిగాడు. పోవచ్చన్నాను. చాలాసేపు రేకు అంచు బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"ఆ బటన్ నొక్కిన చెయ్యి ఎవరిది బేటీ?" అన్నాడు.

నాదే అన్నాను.

"అయితే ఆడికి పోయి ముందు నీ పేరు చెప్పు. మిగతావాళ్ల సంగతి తర్వాత. నీ తప్పు నువ్వే చెప్పేసినాక నిన్ను దేంతో బెదిరిస్తారు వాళ్లు?"

అమ్మీ లోపలి నుంచి ఏదో గొణిగింది. ఉద్యోగం లేని ఇంట్లో నీతులు ఉడకవు అన్నట్టుగా. అబ్బా మళ్లీ సుత్తి అందుకున్నాడు. ఆ చప్పుడులో ఇంకేమీ వినబడలేదు.


డిసెంబర్ 2, సోమవారం

ఎంక్వైరీ. పై అంతస్తు హాల్లో. డాక్టర్ జయరత్నం గారు, బయటి నుంచి వచ్చిన ఒక లేడీ డాక్టర్, చేతన్ సార్. లిల్లీ కుప్పం నుంచి వాళ్లమ్మ పుష్పమ్మతో కలిసి పొద్దున్నే బస్సుకు వచ్చింది. పుష్పమ్మను లోపలికి రానివ్వలేదు. ఆమె తలుపు పక్కన మెట్టు మీద కూర్చుంది. లేవమంటే లేవలేదు. నా బిడ్డను ఈడికి పిలిస్తే నేను ఈడే ఉంటా అంది.

మొదట లిల్లీని అడగబోయారు. నేను లేచాను. మొదట నేను చెప్తాను సార్ అన్నాను. చేతన్ సార్ నీ టర్న్ కాదన్నాడు. నా టర్నే సార్ అన్నాను. ఆ చార్ట్‌ను మార్చి సేవ్ చేసింది నేను. మదనపల్లె పేరు మీద మాత్రమే మారింది. కుప్పంలో లిల్లీ చూసింది పాత అంకె. ఆమె సరిగ్గానే చదివింది.

కుప్పం చార్ట్ నా ముందరే ఉంది, ఒకటింపావు ఉంది అన్నాడు చేతన్ సార్. ఇప్పుడుంది సార్, శుక్రవారం నుంచి ఉంది, అంతకుముందు లేదు అన్నాను. సాక్ష్యమేదీ అన్నాడు. ప్రొజెక్టర్ పెట్టించండి అన్నాను.

గోడ మీద అందరికీ కనబడేలా ఒక ఫైలు చేశాను. సర్వర్‌లో దానికి రెండో పేరు పెట్టే అధికారం నాకు లేదు. చరణ్ హాలు వెనకాల నిలబడి ఉన్నాడు, అతన్ని పిలిపించారు కానీ మాట్లాడమనలేదు. అతనివైపు చూశాను. వస్తాడో రాడో తెలియదు. వచ్చాడు. ఏమీ అనకుండా రెండో పేరు పెట్టి పక్కన నిలబడ్డాడు.

మొదటి పేరు తెరిచి అంకె మార్చాను, సేవ్ చేశాను. రెండో పేరును నువ్వే తెరువమ్మా అని లిల్లీని పిలిచాను. తెరిచింది. పాత అంకె.

ఇదేదో ట్రిక్కు అన్నాడు చేతన్ సార్.

"ట్రిక్కు కాదు సార్. ఆ డ్రైవ్ బిగించింది నేనే. నేనూ సూసినా" అన్నాడు చరణ్. హాలంతా వినబడింది.

డాక్టర్ జయరత్నం గారు లేచి వచ్చారు. మళ్లీ రెండు పేర్లతో కొత్త ఫైలు పెట్టించి, నా కుర్చీలో కూర్చుని తానే టైప్ చేశారు, తానే సేవ్ చేశారు, తానే రెండోది తెరిచారు. కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. కుప్పం ఫైలును శుక్రవారం ఎవరు మార్చారని అడిగారు. నేనే మార్పించానన్నాడు చేతన్ సార్, పిల్లల క్షేమం కోసం.

స్క్రీన్లు ఆపేసి గోడకు కాగితాలు అంటించాక ఇంకెవరి క్షేమమయ్యా అన్నారు డాక్టర్ గారు.

లిల్లీ సస్పెన్షన్ ఎత్తేశారు. స్టిక్కర్ మీద ఇక నుంచి స్ట్రెంత్ కూడా రాయాలని జాకబ్ అన్నకు చెప్పారు. రిపోర్టులో సాంకేతిక కారణం అని రాస్తారట. అందరూ కుర్చీలు జరిపి లేస్తున్నారు. పాప ఇంటివాళ్లకు ఎప్పుడు చెప్తారు సార్ అని అడిగాను. కుర్చీలు ఆగాయి. వాళ్లు నర్సు తప్పని ఒప్పుకుని ఊరుకున్నారు, మళ్లీ కెలకడం ఎందుకు అన్నాడు చేతన్ సార్. డాక్టర్ గారివైపు చూశాను. ఆయన కిటికీవైపు చూశారు. కొన్నాళ్లు పోనీ సాజిదా అన్నారు.

మంచి మనిషి. అందుకే ఇంకా కోపం వచ్చింది.


డిసెంబర్ 4, బుధవారం

లిల్లీ డ్యూటీకి పోలేదు. ఫోన్ చేస్తే చాలాసేపటికి ఎత్తింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను, నా బుద్ధి!

"ఆ హాల్లో నాది తప్పు లేదని తేల్చినావక్కా. కుప్పంలో ఎవురు తేల్చినారు? మార్కెట్‌కు పోతే, ఈయమ్మే పాపకు మందెక్కువ పోసింది అని ఏలెత్తి సూపిస్తాండారు. చర్చిలో మా పక్కన కూసోను గూడా ఎనకాడతాండారు. నేను ఆ స్క్రీన్ ముందర మళ్లీ ఎట్ల నిలబడాల?"

ఫోన్ పెట్టేసింది.


డిసెంబర్ 5, గురువారం

మూడు పేర్ల పద్ధతి తీసేశాను. ఇప్పుడు చార్ట్ ఒకటే, పేరూ ఒకటే, మూడు ఊళ్ల స్క్రీన్లూ దాన్నే చూస్తాయి. చరణ్ వచ్చి సాయం చేశాడు, డబ్బులడగలేదు. ఏ అంకె మారినా మూడు ఊళ్లకూ ఫోన్ చేసి స్క్రీన్ మీది లైను చదివించుకున్నాకే నేను సంతకం పెడతాను. అంత అవసరం లేదన్నాడు చేతన్ సార్. ఉంది సార్ అన్నాను.

ఇంకొకటి కూడా అన్నాడు. పాప కుటుంబంతో స్టాఫ్ ఎవరూ మాట్లాడకూడదట. నావైపు చూసే అన్నాడు.


డిసెంబర్ 8, ఆదివారం

కుప్పం పోయి వచ్చాను.

పొద్దున బస్సు. పుంగనూరులో పాల క్యాన్లు దించేదాకా ఆగింది, పలమనేరులో సీటు దొరికింది. దారంతా ఏం చెప్పాలో కూర్చుకున్నాను. దిగేసరికి ఒక్క ముక్కా గుర్తు లేదు.

పాప వాళ్లది ఊరి చివర పట్టుపురుగులు సాకే ఇల్లు. పాప అమ్మా నాన్నా ఆకు కోయడానికి తోటకు పోయారు. నాయనమ్మ సిద్దమ్మ తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తోంది. పాప పక్కన గోనెపట్టా మీద కూర్చుని ఆకు కాడ నమలబోతోంది. బాగుంది. బొద్దుగా, ముక్కు కారుతూ, బాగుంది.

ఆసుపత్రి నుంచి వచ్చానంటే సిద్దమ్మ తల కూడా తిప్పలేదు. మళ్లీ యాల వచ్చినారు, దండాలు పెట్టించింది సాలదా అంది. అమ్మా, ఆ నర్సు తప్పు చేయలేదు, చార్ట్‌లో అంకె మార్చింది నేను, అది మీ ఊరి స్క్రీన్ మీద మారలేదు, మారిందో లేదో నేను చూసుకోలేదు, ఆమె ఉన్నదున్నట్టు చదివి పోసింది అని చెప్పాను. ఒక్క గుక్కలో చెప్పేశాను.

ఆమె చేతిలో ఆకు అట్లే ఉండిపోయింది.

"ఏందీ? నువ్వు యాడో మదనపల్లెలో కూసోని కంప్యూటర్ నొక్కితే ఈడ నా మనవరాలి గుండె అదిరిందా?"

అవునన్నాను.

తిట్టింది. నేను రాయలేని మాటలతో తిట్టింది. నిలబడి విన్నాను. పక్కింటివాళ్లు వచ్చారు. తలెత్తి విన్నాను, దించుకోలేదు, ఎందుకంటే దించుకునే పని ఒకామెతో అప్పటికే చేయించారు. తిట్టి తిట్టి ఆయాసపడి, ఒక్కసారిగా ఆగింది.

"అయితే ఆ నర్సమ్మ?"

ఆమెది ఏ తప్పూ లేదమ్మా అన్నాను.

"నేను ఆ బిడ్డను ఏమేం అన్నానో తెల్సునా నీకు? ఈడే, ఈ గడప కాడే. నీ కడుపు పండదు అన్నా. నోరు తెరవలేదే ఆయమ్మి. దండం పెట్టి పోయింది." ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కాసేపటికి చీర కొంగుతో చేతులు తుడుచుకుని, పాపను చంకకెత్తుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. "వాళ్లిల్లు యాడ? సూపించు" అంది.

లిల్లీ వాళ్లది చర్చి వెనక వీధి. దారి పొడుగునా సిద్దమ్మ గొంతు తగ్గించలేదు. యాడికి పోతాండావత్తా అని ఎవరడిగినా నిలబడి చెప్పింది. "నర్సమ్మ కాడికి. ఆయమ్మి తప్పు లేదంట. తప్పు ఆసుపత్రోళ్లదంట. నేను అనరాని మాటలు అన్నా. ఇదో, ఈ పిల్లే, తనంతట తానే వచ్చి సెప్పింది" అని నన్ను వేలు పెట్టి చూపించింది. టీ అంగడి దగ్గర చెప్పింది. కుళాయి దగ్గర చెప్పింది. చర్చి అప్పుడే వదిలారు, మెట్ల మీద ఉన్నవాళ్లందరికీ చెప్పింది. నా చెవులు మండిపోయాయి. ఆపమని అనలేదు.

పుష్పమ్మ తలుపు తీసింది. సిద్దమ్మను చూసి మళ్లీ వేయబోయింది. వెనక నుంచి లిల్లీ వచ్చింది. మనిషి సగమైంది. ఇంత దూరం ఊరంతా వినేలా అరిచిన మనిషికి అక్కడ మాట రాలేదు. చంకలోని పాపను తీసి లిల్లీ చేతుల్లో పెట్టింది.

లిల్లీ పాపను పట్టుకుని, అలవాటు కొద్దీ, దాని ఛాతీ మీద చెయ్యి వేసి చూసింది. ఊపిరి లెక్క పెడుతోందని నాకు తెలుసు. ఇంకా కొంచెం పిల్లికూత ఉండాది, ఆవిరి పట్టిస్తాండారా అని అడిగింది. అప్పుడు ఏడ్చింది సిద్దమ్మ.

నేను వీధిలోనే ఉన్నాను. వచ్చేటప్పుడు సిద్దమ్మ నా దాకా వచ్చింది. "నిన్ను ఏమనాలో నాకింగా తేలలా. తేలినాక సెప్తా. వారం వారం వచ్చి కనబడు" అంది.

కనబడతానన్నాను.


డిసెంబర్ 11, బుధవారం

లిల్లీ డ్యూటీలో చేరింది. చార్ట్ లైను ఫోన్‌లో చదివి వినిపించింది. అంతకు మించి ఏమీ మాట్లాడలేదు.

నాకు నోటీసు ఇచ్చారు. ఆదేశం ఉన్నా, అనుమతి లేకుండా కుప్పంలో పాప కుటుంబాన్ని ఎందుకు కలిశారో రాతపూర్వకంగా తెలపాలట. అక్కడే నిలబడి దాని కిందనే రాసి చేతన్ సార్ చేతికిచ్చాను.

"నిజం చెప్పడానికి పోయాను. ఆదివారం మళ్లీ పోతాను."